అప్‌డేట్: టెస్టోస్టిరాన్ మొదలయ్యాక వచ్చిన చంకల దుర్వాసన తగ్గింది

నేను ట్రాన్స్ పురుషుణ్ణి, ఉండేది చెన్నై వేళచ్చేరిలో; టెస్టోస్టిరాన్ (పురుష హార్మోను) ఇంజెక్షన్లు మొదలైన ఏడో నెలలో, రెండు పూటలా స్నానం చేసినా చంకల్లో ఘాటైన వాసన పోవడం లేదని రెండు నెలల క్రితం ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన వారందరికీ, ముఖ్యంగా డియోడరెంట్లు మార్చడం మాని చర్మవైద్యుణ్ణి కలవమన్న వారికి కృతజ్ఞతలు.

ఈ హార్మోనుతో చెమట వాసన మారడం మామూలే గాని, నా సమస్య అదొక్కటే కాదని డాక్టరు గారు చూడగానే చెప్పారు. వెంట్రుకలకు పసుపు పచ్చని పూత అంటుకుని ఉంది. డియోడరెంటు తాలూకు పొడి అనుకుని నేను పట్టించుకోనిది అదే. అది కొరినెబాక్టీరియా అనే సూక్ష్మజీవులు వెంట్రుకల చుట్టూ కట్టే పొర అనీ, దాన్ని ట్రైకోమైకోసిస్ అంటారనీ, పేరు ఎలా ఉన్నా అది ఫంగస్ కాదనీ వివరించారు. ఎంతో మురిపెంగా పెంచుకున్న ఆ వెంట్రుకలను తీసేయవలసి రావడం, నిజం చెప్పాలంటే, వాసన కంటే ఎక్కువ బాధించింది. ఆపై రోజూ స్నానంలో బెంజాయిల్ పెరాక్సైడ్ వాష్ రాసి, రెండు నిమిషాలు ఉంచి కడిగాను. మూడు వారాల్లో వాసన దాదాపు పోయింది. ఆ మందు బట్టల రంగును తినేస్తుంది కనుక తెల్ల తువాలు వాడండి. నా నల్ల బైండరు (ఛాతీ చదునుగా కనిపించేందుకు బిగుతుగా వేసుకునే లోదుస్తు) ఒకటి అప్పటికే మచ్చలు పడింది.

ఒక బైండరు ఉతికి ఆరేలోగా మరొకటి వేసుకోమన్న సలహా కూడా పనికొచ్చింది. వెల్లుల్లి మానడం వల్ల ఏ తేడా రాలేదు. టెస్టోస్టిరాన్ మోతాదు తగ్గించాలేమోనన్న నా భయం కూడా అనవసరమని తేలింది. పాత మోతాదే కొనసాగుతోంది.