సమస్యాపూరణం: "తలకుఁ దెలియకముందె పాదమ్ము కదిలె"

నిర్వాహకులు (తిరుపతి): ఈ వారం సమస్య తేటగీతి నాలుగో పాదం, పై మూడు పాదాలు మీరు పూరించాలి. గణాలు (లఘువు గురువుల గుంపులు): తలకుఁ (న), దెలియక (నల), ముందె పా (ర), దమ్ము (హ), కదిలె (న). యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ జత) త–ద. విషయం నాడీమండలం. స్వామి మహిమ అని తేల్చేసి తప్పించుకోవద్దు. కొండ కింద కూర్చున్నవాళ్లకు ఆ దారి మరీ సులువు. శరీరధర్మం తప్పినా యతి తప్పినట్టే లెక్క.

కపిలతీర్థం:

ముల్లు గుచ్చిన మడమలో మొదలుకొనిన
వార్త వెన్నుపామును జేర వలయు నాజ్ఞ
యచట నుండియె కండకు నందె మరల;
తలకుఁ దెలియకముందె పాదమ్ము కదిలె.

చంద్రగిరి: నడక బాగుంది. "అచట నుండియె" అన్న ఏకారంలోనే ప్రతీకార చర్య (తల ఆజ్ఞ లేకుండానే ఒళ్లు కదలడం, రిఫ్లెక్స్) మొత్తం ఉంది. అయితే మడమ నుంచి బయలుదేరే వార్త ఒకటి కాదు, రెండు. సన్నటి మయలిన్ (కొవ్వు పొర) తొడుగున్న జ్ఞాన నాడులు సెకనుకు సుమారు 15 మీటర్ల వేగంతో మోస్తాయి. మడమ నుంచి వెన్నుపాముకు దాదాపు మీటరు దూరం వేసుకుంటే, చేరడానికి 70 మిల్లీసెకన్ల లోపే. తొడుగు లేని పోగులు సెకనుకు మీటరు వేగంతో ఈడ్చుకుంటూ వస్తాయి. మొదట చురుక్కుమనడం, కాలు లాగేసుకున్నాక ఒక క్షణానికి మంట మొదలవడం అందుకే. పద్యంలోది ఆ మొదటి వార్త.

ఇంకొకటి, "కండకు" అని ఏకవచనం వేశారు. వెన్నుపాములో సహసంబంధ నాడీకణాలు (వచ్చిన వార్తను కండల నాడులకు అందించే మధ్యవర్తులు) తొడ వెనక కండకు "బిగుసుకో" అని చెప్పేటప్పుడే తొడ ముందు కండకు "వదులు కా" అని కూడా చెప్పాలి. ఆ రెండో మాట పడకపోతే రెండు కండలూ చెరోవైపు లాగి కాలు కొయ్యబారుతుంది. ధనుర్వాతంలో జరిగేది అదే. ఆ విషం చాలక నాడి వెంట పైకి పాకి, వెన్నుపాములో "వదులు కా" అని చెప్పే కణాల నోరు కట్టేస్తుంది. ముల్లు గుచ్చుకుంటే టీటీ సూది వేయించుకోమనేది ఈ మాట మూగబోకుండా ఉండటానికే.

కపిలతీర్థం: ఒప్పుకున్నాను. కానీ "కండలకు" అంటే గణం చెడుతుంది కదండీ.

నిర్వాహకులు: చెడుతుంది. "కండల కందె" అని మారిస్తే మాత్రం గణం సరిపోతుంది. మార్చడం ఇష్టం లేకపోతే జాతి ఏకవచనం అనుకుని వదిలేద్దాం.

తలకోన:

కొండ మెట్టుపై నెండకుఁ గొలిమి రాయి;
యొక్క కాలిని మడువంగ నొక్క కాలు
నిలువుకంబమై తనువంత నిలిపి పట్టె;
తలకుఁ దెలియకముందె పాదమ్ము కదిలె.

నిర్వాహకులు: ఈ వారానికి నాకు నచ్చిన పూరణ ఇదే. అలిపిరి దారిలో 3,550 మెట్లు. పైకప్పు లేనిచోట ఎండాకాలం మధ్యాహ్నం చెప్పుల్లేని కాలు మోపితే తెలుస్తుంది "కొలిమి" ఎంత సరైన మాటో. ఒకటే చిక్కు: రెండో పాదం మొదట్లో "యొక్క" కనబడగానే షష్ఠీ విభక్తి అనుకుని పాఠకుడు తడబడతాడు. పాదం విరిచి "ఒక్క" అనే రాయండి, విసంధి దోషమన్నవాళ్లకు నేను జవాబు చెప్పుకుంటాను.

చంద్రగిరి: రెండో కాలిని తెచ్చినందుకు తలకోన గారికి దండం. అందరూ కాలిన కాలునే చూస్తారు. మెట్ల మీద ఒక కాలు గభాలున పైకి లేస్తే బరువంతా రెండో కాలి మీద పడుతుంది. అది ముడుచుకుంటే మనిషి బోర్లా పడతాడు. అందుకని జ్ఞాన నాడి తెచ్చిన వార్త వెన్నుపాములోనే అడ్డంగా రెండో పక్కకు దాటి, అక్కడ తొడ ముందు కండను బిగిస్తుంది. ఇది కాలు ముడిచిన దానికంటే ఒక పిసరు ఆలస్యం. "మడువంగ" అంటే రెండూ ఒకేసారి అయినట్టు ఉంది, "మడిచినంత" అంటే క్రమం కుదురుతుంది, గణమూ కుదురుతుంది.

నిర్వాహకులు: మ–డి–చి–నం–త: మూడు లఘువులు, గురువు, లఘువు. ఈ చోట రావలసిన ఇంద్రగణాల్లో అది లేదు. తేటగీతికి "మడువంగ" (రెండు లఘువులు, గురువు, లఘువు) అనే సలమే నిక్కచ్చి. మార్చకండి.

స్వర్ణముఖి:

పడగ లేని పామొక్కటి పవలు రేయి
వెన్నులో నుండి కావలి వీడదెపుడు;
అగ్గి తాకగ నదియె తా నిచ్చె నాజ్ఞ;
తలకుఁ దెలియకముందె పాదమ్ము కదిలె.

నిర్వాహకులు: "వెన్నుపాము" అన్న మాటను విప్పి పామును బయటికి తీశారు, శేషాద్రి కింద ఉన్నందుకు ఆ మాత్రం ఉండాలి. మూడో పాదంలో యతి పోయింది సామీ: మొదట "అ", నాలుగో గణంలో "ని". అగ్గిని నిప్పు చేయండి, "నిప్పు తాకగ నదియె తా నిచ్చె నాజ్ఞ", ని–ని సరిపోతుంది.

చంద్రగిరి: "పడగ లేని" దగ్గర నాకు పేచీ ఉంది. పామూ పడగా ఒకే ఒడలు. మజ్జాముఖం (మెదడు అడుగు భాగం) మీదుగా వెన్నుపాము మెదడులోకి సాగుతుంది. పడగకు అదుపు కూడా ఉంది. పొయ్యి మీది పొంగలి గిన్నె చెయ్యి కాలుస్తున్నా గట్టు దాకా పట్టుకెళ్లి దించుతారే తప్ప వదిలెయ్యరు. పైనుంచి మెదడు ఆపు చెప్పబట్టే అది వీలవుతుంది. "వీడదెపుడు" కూడా పూర్తి నిజం కాదు. ప్రమాదంలో వెన్నుపాము తెగితే, దెబ్బకు కింది భాగంలో ప్రతీకార చర్యలు కొన్నాళ్లు, ఒక్కోసారి వారాలపాటు మాయమవుతాయి. తిరిగి వచ్చేటప్పుడు మామూలుకంటే ఎక్కువ జోరుగా వస్తాయి, ఆపు చెప్పే పడగతో తెగతెంపులై ఉంటుంది కాబట్టి.

స్వర్ణముఖి: యతి సవరించుకున్నాను. పడగ మాత్రం ఉంచుకుంటాను, కవికి ఆ మాత్రం చనువు లేదా.

కాణిపాకం: నాది మరో అర్థం. "కదిలె" అంటే చోటు తప్పింది అని తీసుకున్నాను.

తీపి రోగాన నాడులు దెబ్బతినగ
నొప్పి లేకయె యెముకలు నుగ్గు కాగ
విల్లు వంటి లోవంపెల్ల విరిగి జారి
తలకుఁ దెలియకముందె పాదమ్ము కదిలె.

చంద్రగిరి: సమస్యను తిరగేశారు! పై మూడు పూరణల్లోనూ వార్త వెన్నుపామును చేరింది, తలకు ఆలస్యంగా తెలిసింది. ఇక్కడ వార్త బయలుదేరనే లేదు. దీన్ని షార్కో పాదం అంటారు. ఏళ్ల తరబడి షుగర్ అదుపులో లేకపోతే పొడవాటి నాడులు ముందు పాడవుతాయి, అందుకే స్పర్శ పోవడం కాలివేళ్లలో మొదలై పైకి పాకుతుంది. చిన్న ఎముక విరిగినా నొప్పి ఉండదు గనుక నడుస్తూనే ఉంటారు. నడిచేకొద్దీ మిగతావీ నలిగి పాదం లోవంపు కూలుతుంది. తొలి గుర్తు ఒక పాదం వాచి, ఎర్రబడి, రెండోదానికంటే వేడిగా ఉండటం. ఆ దశలో ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోవచ్చు, బెణుకనుకుని కట్టు కట్టించుకుని పోతారు. అప్పుడు కావలసింది బరువు మోపకుండా పిండికట్టు వేయించుకోవడం.

తలకోన: అంతదాకా పోకముందే తెలుసుకునే దారి?

చంద్రగిరి: 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగు ఉంటుంది. కళ్లు మూసుకోమని, అరికాలి మీద అది వంగేదాకా ఒకటి రెండు సెకన్లు అదిమి, "తెలిసిందా" అని అడుగుతారు. ఆనెకాయ మీద పెట్టకూడదు, అక్కడ మంచి నాడి ఉన్నా తెలియదు. తర్వాత 128 హెర్ట్జ్ శ్రుతిదండం (ట్యూనింగ్ ఫోర్క్) బొటనవేలి ఎముక మీద ఆనించి అదురు తెలుస్తుందో లేదో చూస్తారు. ఇవి తెలియనివాళ్లు మండే మెట్ల మీద ఒట్టికాళ్లతో నడిస్తే, తలకోన గారి పద్యంలో మడిచిన కాలు వాళ్లకు మడవదు. బొబ్బలు ఇంటికి వెళ్లి కాళ్లు కడిగేటప్పుడు కనబడతాయి.

నిర్వాహకులు: కాణిపాకం గారి పద్యంలో గణాలు, యతులు నాలుగు పాదాల్లోనూ సరిగ్గా ఉన్నాయి: తీ–దె, నొ–ను, వి–వి, త–ద. పై వారం సమస్య కందంలో, శనివారం పొద్దున పెడతాను.