లాహిరా, లాయిరా? నడిసంద్రంలో చిక్కుకున్న ఒక హకారం

పాతరీలు: ‘దేవదాసు’ (1953), ‘కుడి ఎడమైతే’ పాట, ‘… నడిసంద్రములోన లంగరుతో పని లేదోయ్’ అన్న పాదం. ‘నడిసంద్రం’ ముందున్న మాట ‘లాహిరి’యా, ‘లాయిరి’యా? వీసీడీలో ‘హ’ వినిపిస్తోంది. డీవీడీలో ఉందా లేదా అన్నట్టుంది. ‘ఫుల్ హెచ్‌డీ, శుభ్రపరిచిన శబ్దం’ అంటూ తిరుగుతున్న కాపీలో నిక్షేపంలాంటి ‘లాయిరి’. గొంతు ఒకటే, పాట ఒకటే. ఏ కాపీని నమ్మాలి?

అరసున్న: కాపీల దాకా ఎందుకండీ? ఉన్న మాట లాహిరి. బ్రౌన్ నిఘంటువు తీస్తే మత్తు అని అర్థం కనిపిస్తుంది. లాయిరి అన్నది నోటి పలుకు.

యతిభంగం: నోటి పలుకైతే తప్పేముంది? సాహిబు సాయిబయ్యాడు, సిపాహీ సిపాయయ్యాడు. ‘ఆ’ తర్వాత వచ్చే ‘హి’ తెలుగు నోట పడితే ‘యి’ కావడం రివాజు. పైగా పక్కనున్నది సముద్రం కాదు, సంద్రం. అరిగిన మాటకి అరిగిన మాటే జోడు.

అరసున్న: ఆ పక్కనే లంగరు కూడా ఉంది. పారసీ నుంచి వచ్చి ఒక్క అక్షరమూ అరగలేదు.

యతిభంగం: అరగడానికి అందులో హకారం లేదు కదా మాస్టారూ.

పాతరీలు: ఛందస్సు ఏమైనా తేలుస్తుందా?

యతిభంగం: తేల్చదు. రెండూ గురు లఘు గురువులే, చివరి ‘రీ’ని రాగంలో సాగదీశారు కాబట్టి. లాయిరి–లంగరు యతి ‘ల’ మీద కూర్చుంది. గొడవంతా రెండో అక్షరంలో ఉంది, అక్కడికి యతి చెయ్యి అందదు.

శబ్దగ్రాహి: అసలు ప్రశ్న కాపీల గురించి కాబట్టి ఇది చెప్పాలి. అచ్చుల మధ్య వచ్చే హకారానికి నాలుకతో పని లేదు, పెదవులతోనూ లేదు. గొంతులోంచి వచ్చే ఊపిరి చప్పుడు, అంతే. పాత ఆప్టికల్ సౌండ్ ట్రాక్ (ఫిల్ము అంచున కాంతితో అచ్చేసిన శబ్దం) మీద ఉండే బుస కూడా అలాంటి చప్పుడే. నాయిస్ రిడక్షన్ సాఫ్ట్‌వేర్‌కి ఆ రెంటికీ తేడా తెలియదు. పాట లేని చోట బుసని నమూనాగా తీసుకుని, దానిలా ఉన్నదాన్నంతా పాట పొడుగునా కోసేస్తుంది. ఊపిరి పోయాక ‘ఆ’ నుంచి ‘ఇ’కి జారడం ఒక్కటే మిగులుతుంది. ఆ జారుడునే చెవి ‘య’ అనుకుంటుంది. అందుకే ఎంత శుభ్రం చేస్తే ఆ కాపీ అంత అబద్ధసాక్షి.

వీసీడీ బొమ్మ ఘోరం, ఒప్పుకుంటా. 352×288 చుక్కలు, వీడియోకి సెకనుకు 1150 కిలోబిట్లు. కానీ శబ్దానికి 224 కిలోబిట్లు కేటాయించారు, మోనో పాటకి అది ధారాళం. చాలా డీవీడీల్లో శబ్దం 192 దగ్గరే ఆగింది. బుసతో సహా దించిన వీసీడీలో ‘హ’ మిగలడం వింతేమీ కాదు.

పాతరీలు: అయితే వీసీడీలో వినిపించేదే సరైనదన్నమాట.

శబ్దగ్రాహి: అంత తొందరొద్దు. అది హకారమే కావచ్చు, ‘ఆ’ మీద పడిన బుసా కావచ్చు. పరీక్ష ఇలా చెయ్యండి. డిస్క్ నుంచి శబ్దాన్ని ఎంపీ3 చెయ్యకుండా 16 బిట్ వేవ్ ఫైలుగా తీయండి. మళ్ళీ కుదిస్తే ముందు పోయేది ఊపిరే. ఆడాసిటీ అనే శబ్దాల సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రోగ్రామ్ (ఏ స్థాయి శబ్దం ఎప్పుడు ఎంత గట్టిగా ఉందో చూపే బొమ్మ) తెరిచి, పరిధి 0 నుంచి 5000 హెర్ట్జ్ పెట్టండి. ‘లా’ నుంచి ‘రి’ దాకా చూడండి. ‘య’ అయితే, నోటి ఆకారాన్ని బట్టి గట్టిగా మోగే పట్టీల్లో కింది నుంచి రెండోది ఎక్కడా తెగకుండా ఏటవాలుగా 2000 పైకి ఎక్కుతుంది, గట్టితనం తగ్గదు. ‘హ’ అయితే మధ్యలో గట్టితనం ఒక్క క్షణం పడిపోయి, పట్టీల అంచులు చెదిరి, సన్నటి ఇసక చల్లినట్టుంటుంది. ఆ ఇసక ముందూ వెనకా కూడా అదే మోతాదులో ఉంటే అది ట్రాక్ బుస. ‘లా’ తర్వాతే లేచి ‘రి’ ముందు అణిగితే హకారం. మూడు కాపీలనూ ఒకే స్కేలు మీద పక్కపక్కన పెట్టి చూడాలి.

వడగాలి: డీవీడీలో పాట కాస్త పరుగెత్తినట్టుంటుంది, ‘హ’ని మింగేసింది అదే కాదూ?

శబ్దగ్రాహి: కాదు. సెకనుకు 24 ఫ్రేముల సినిమాని పాల్ (మన పాత టీవీల పద్ధతి) డీవీడీకి 25 చేసినప్పుడు వేగం 4 శాతం పెరుగుతుంది, మూడు గంటల సినిమా ఏడు నిమిషాలు తరుగుతుంది, శ్రుతి అరస్వరానికి కాస్త తక్కువగా పైకి పోతుంది. హకారాన్ని మింగడానికి అది చాలదు. కాపీలు పోల్చాలంటే మాత్రం వేగం 0.96కి తగ్గించాకే పోల్చండి, లేకపోతే పట్టీలు కలవవు.

వడగాలి: సరే, పెదాలు చూసి చెప్పొచ్చుగా. అక్కినేని నోరు దగ్గరగా చూపించిన చోట…

అరసున్న: ఇప్పుడేగా చెప్పారు, హకారానికి పెదవులతో పని లేదని! ‘య’కీ లేదు. ‘ప’యో ‘వ’యో అయితే పెదాలు సాక్ష్యం చెప్పేవి.

శబ్దగ్రాహి: పైగా ఆ హెచ్‌డీ కాపీలో పెదాలు నమ్మదగ్గవీ కావు. వెడల్పు ఎత్తుకి 1.37 రెట్లున్న బొమ్మని 16:9కి అడ్డంగా లాగారు. సావిత్రి ముఖం 30 శాతం వెడల్పయింది, పార్వతికి ఇంతకన్నా అన్యాయం జమీందారు ఇంట్లోనూ జరగలేదు. లాగని చోట కోశారు. కోస్తే ఎత్తులో దాదాపు 23 శాతం పోతుంది, తలకట్టో చేతిలో సీసానో తెర బయటే. సరైన పద్ధతి పక్కల నల్లపట్టీలు వదిలెయ్యడం: 1080 ఎత్తుకి 1480 చిల్లర వెడల్పు. బుగ్గలు మైనంలా మెరుస్తూ, చుట్టూ తెల్లటి అంచు కనిపిస్తే గ్రెయిన్ (ఫిల్ము మీద సహజంగా ఉండే సన్నటి రవ్వ) తుడిచి, అంచులు పదును పెట్టారని అర్థం. కదిలే చేతి మీద దువ్వెన పళ్ళలాంటి గీతలుంటే అది 576 గీతల డీవీడీని సాగదీసిన సరుకే, ఫిల్ము నుంచి దించింది కాదు.

యతిభంగం: బొమ్మ సంగతి తర్వాత. ‘మాయాబజార్’ని ఎవరూ తలవలేదేం? నాలుగేళ్ళ తర్వాత, 1957లో, అదే ఘంటసాల ‘లాహిరి’ని వరసగా మూడుసార్లు హకారంతో పలికారు. పలకడం రాక కాదు. అంటే 1953లో కాగితం మీదే ‘యి’ ఉంది.

అరసున్న: అక్కడ పల్లవి మొదటి మాట అది, పడవ తూగినట్టు నిదానంగా నడుస్తుంది. ఇక్కడ తాగినవాడి పాట. తాగినవాడి నోట మొదట జారేది ఊపిరక్షరమే. కవి ‘హి’ రాసి, గాయకుడు తెలిసే జార్చి ఉండొచ్చు.

పాతరీలు: ఆ ‘మాయాబజార్’ పాట రాసిన పింగళి వారి లాహిరి కూడా మత్తేనా? అక్కడ నది ఉంది, పడవ ఉంది. లహరి, అంటే అల, అనిపిస్తుంది.

అరసున్న: రెండూనూ. సౌందర్యలహరిలో ఉన్నది సంస్కృతం లహరి, అల. హిందీలో లహర్ అంటే అలా అవుతుంది, పాము కరిస్తే విషం తెరలు తెరలుగా ఎక్కడమూ అవుతుంది. ఆ రెండో దారిలోంచి మనకి మత్తు అర్థంతో లాహిరి దిగింది. మొదటి అచ్చు సాగిందంటే మత్తు, సాగకపోతే అల. పింగళి వారు మత్తు మాటని నీళ్ళ మీద తేల్చి, పాత అలని దానికి తిరిగి ఇచ్చారు. వెయ్యండి ఆయనకో వీరతాడు.

వడగాలి: ఆ మాటకొస్తే ‘దేవదాసు’ పాటల్లో మల్లాది రామకృష్ణశాస్త్రి గారి చెయ్యి ఉందన్న మాట పాతదే. ‘లాయిరి’ లాంటి పలుకుబడి వారిదే.

యతిభంగం: తెర మీద పేరు సముద్రాల రాఘవాచార్యులది. మల్లాది వారి చెయ్యి చూడాలంటే ‘చిరంజీవులు’ (1956) పాటలు చాలు, అక్కడ పేరూ వారిదే. ఆ నుడికారం మెత్తన, తెల్లవారుజాము గాలిలా ఉంటుంది. ఈ పాదంలో మెత్తన ఎక్కడుంది? తెగించినవాడి మాట ఇది. ఒక్క ‘యి’ పట్టుకుని రచయితనే మార్చేస్తారా?

వడగాలి: ఒక్క అరసున్నతో శతాబ్దాన్నే మార్చేసేవాళ్ళున్నారిక్కడ.

అరసున్న: విన్నాను.

పాతరీలు: అన్వయం కూడా చెప్పండి. ‘లాయిరీ’ సంబోధనా, లాయిరి అనే నడిసంద్రమా?

యతిభంగం: రూపకమే. మత్తనే నడిసంద్రం. లంగరు పట్టు దొరకాలంటే లోతుకి కనీసం మూడు రెట్లు, గాలి ఉంటే ఐదు నుంచి ఏడు రెట్లు గొలుసు వదలాలి, అప్పుడే కొక్కెం అడ్డంగా పడి నేలని కరుస్తుంది. నడిసంద్రంలో లోతు కిలోమీటర్ల లెక్క. అక్కడ లంగరు ఉత్త ఇనప బరువు. ‘పని లేదోయ్’ అన్నది తాగుబోతు ధీమా అనుకుంటాం గానీ, పడవ నడిపేవాడి లెక్క కూడా అదే. సంబోధన అనుకుంటే ఈ లెక్కంతా గాలికి పోతుంది.

శబ్దగ్రాహి: ఇంకో సాక్షి ఉంది. గ్రామఫోన్ రికార్డు. పది అంగుళాల 78 ఆర్‌పీఎం రికార్డులో ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకే, అందుకని సినిమా పాటల్ని రికార్డు కోసం కుదించి విడిగా పాడించడం అప్పట్లో మామూలు. విడిగా పాడిందైతే అక్కడ ‘హ’ ఉండి, ఫిల్ములో లేకపోవచ్చు. ఎవరి దగ్గరైనా శుభ్రం చెయ్యని రికార్డు బదిలీ ఉంటే వేవ్ ఫైలుగా, మోనోలో, చిటపటలతో సహా పెట్టండి.

అరసున్న: రెండు పాఠాలు దొరికితే అప్పుడేం చేస్తారు?

శబ్దగ్రాహి: పాఠాంతరం అని రాసుకుంటాం. కావ్యాలకి చెయ్యడం లేదూ?

వడగాలి: అదే పాటలో ‘మేడలోనే అల పైడిబొమ్మ’ అని ఉంది కదా. అది ‘అల’నా, ‘అలా’నా?

యతిభంగం: ‘అల’. పోతన వైకుంఠపురం ముందున్న ‘అల’. ‘ఆ’ అని అర్థం.

అరసున్న: నా చెవికి ‘అలా’ అనే వినిపిస్తుంది. ఏ కాపీలో విన్నారు మీరు?