గుండ్రటి నాజిల్ జెట్‌కి ఏ టర్బులెన్స్ మోడల్ పెట్టాలి?

ప్రశ్న (గుంటూరు, ఎంటెక్ థర్మల్ విద్యార్థి):
అందరికీ నమస్తే. మా ప్రాజెక్టు మిర్చి కోల్డ్ స్టోరేజీలో కూలర్ నుంచి వచ్చే గాలి ఎంత దూరం పోతుందో చూడటం. నేరుగా గది జోలికి పోకుండా, ముందు గుండ్రటి నాజిల్‌లోంచి కదలని గాలిలోకి వచ్చే మామూలు జెట్ చేసి, అచ్చయిన కొలతలతో పోల్చి చూపించమన్నారు గైడ్ గారు. గాలి ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కకట్టే ఓపెన్‌ఫోమ్‌లో సింపుల్‌ఫోమ్ (కాలంతో మారని ప్రవాహానికి సాల్వర్), వెడ్జ్ మెష్ (గుండ్రటి జెట్‌లో ఒక సన్నటి ముక్కకే వేసే గడులు) వాడుతున్నా. స్టాండర్డ్ కె-ఎప్సిలాన్ మోడల్‌తో (కె అంటే గాలి సుడుల శక్తి, ఎప్సిలాన్ అంటే అది కరిగిపోయే రేటు) జెట్ ఉండాల్సినదానికన్నా బాగా వెడల్పైపోతోంది, మధ్య గీత మీద వేగం తొందరగా పడిపోతోంది. ఇంకో మోడల్, కె-ఒమేగా ఎస్‌ఎస్‌టీకి మార్చినా పెద్ద తేడా లేదు. సార్ ఏమో మెష్ ఇంకా సన్నం చెయ్యి అంటున్నారు, రెట్టింపు చేసినా అదే జవాబు. ల్యాబ్‌లో ఉన్నది ఒక్క డెస్క్‌టాప్, కాబట్టి ఎల్‌ఈఎస్ (పెద్ద సుడుల్ని నేరుగా లెక్కకట్టే భారీ పద్ధతి) సలహా మాత్రం ఇవ్వకండి ప్లీజ్.

జవాబు (విజయవాడ, సీఎఫ్‌డీ, అంటే కంప్యూటర్‌లో ప్రవాహాల లెక్కల ఉద్యోగం):
తమ్ముడూ, మెష్‌ని వదిలెయ్. ఇది ఆ మోడల్‌కి పుట్టుకతో ఉన్న జబ్బు, రౌండ్ జెట్ అనామలీ అని వెతుకు, బోలెడు దొరుకుతుంది. సగం వెడల్పు, అంటే వేగం మధ్యలో ఉన్నదాంట్లో సగమయ్యే చోటు, దూరంతో ఎంత రేటున పెరుగుతుందో చూస్తే కొలతల్లో గుండ్రటి జెట్‌కి సుమారు 0.095, పొడుగు చీలికలోంచి వచ్చే ప్లేన్ జెట్‌కి 0.10 నుంచి 0.11. స్టాండర్డ్ కె-ఎప్సిలాన్ ప్లేన్ జెట్‌కి 0.108 దాకా ఇస్తుంది, అక్కడ దానికి వంక పెట్టడానికి లేదు. గుండ్రటి దానికి మాత్రం 0.12 చూపిస్తుంది. నిజంలో గుండ్రటిదే తక్కువ విచ్చుకుంటుంది, మోడల్‌లో అదే ఎక్కువ, సరిగ్గా తలకిందులు.

ఎందుకంటే, గుండ్రటి జెట్ విచ్చుకునే కొద్దీ దాని చుట్టూ ఉన్న సుడి వలయాలు సాగుతాయి, సాగితే శక్తి చిన్న సుడుల్లోకి జారిపోయి ఎప్సిలాన్ పెరగాలి, ఎడ్డీ విస్కాసిటీ (సుడులు గాలిని కలిపే బలం) తగ్గాలి. ప్లేన్ జెట్‌లో ఈ సాగడం లేదు. మామూలు ఎప్సిలాన్ సమీకరణానికి ఈ రెంటికీ తేడా తెలియదు, పోప్ 1978లో ఒక టర్మ్ కలిపి దిద్దింది దీన్నే. ఎస్‌ఎస్‌టీతో ఎందుకు మారలేదంటావా, మెంటర్ 1994లో దాన్ని గోడ దగ్గర కె-ఒమేగా, గోడకి దూరంగా కె-ఎప్సిలాన్ అయ్యేలా కట్టాడు. నీ జెట్‌కి గోడే లేదు, ఇక నువ్వు మార్చింది పేరే.

రియలైజబుల్ కె-ఎప్సిలాన్ పెట్టు, 1995 నాటిది, ఎప్సిలాన్ సమీకరణమే వేరు, గుండ్రటిది ప్లేనూ రెండూ కొలతలకి దగ్గరగా వస్తాయి. ఇంకో అడ్డదారి, స్టాండర్డ్‌లో ఎప్సిలాన్ సమీకరణంలోని సీ-వన్ అనే స్థిరాంకాన్ని 1.44 నుంచి 1.60కి పెంచడం. కంపైల్ అక్కర్లేదు, టర్బులెన్స్ ఫైల్‌లో ఒక్క అంకె మారిస్తే చాలు.

మరో జవాబు (గుంటూరు, కాలేజీలో పాఠం చెప్తాను):
1.60 సంగతి ఒప్పుకోను. అది గుండ్రటి జెట్ కోసం సరిపెట్టిన అంకె, ఈ అబ్బాయి చివరికి వెళ్ళేది గదిలోకి. అక్కడ గోడ, వెనక్కి తిరిగే గాలి, బస్తాల మధ్య సందులు అన్నీ ఉంటాయి, అదే అంకె వాటికీ పనిచేస్తుందని ఎవరు చెప్పగలరు? బాబూ, మోడల్ మార్చే ముందు కొలిచే పద్ధతి చూసుకో. నాజిల్ దగ్గర 5, 6 వ్యాసాల దాకా మధ్యలో వేగం పడనే పడదు, ఆ తర్వాత కూడా కొంతదూరం జెట్ ఇంకా కుదురుకోదు. 30 వ్యాసాలు దాటాక ఉన్న పాయింట్లతోనే గీత గియ్యి. విలువలు కాదు, వాలు చూడాలి, ఎందుకంటే గీత మొదలయ్యే చోటు నాజిల్ మూతి కానవసరం లేదు. నాజిల్ వేగాన్ని మధ్య వేగంతో భాగించి, వ్యాసాల్లో దూరానికి గ్రాఫ్ వేస్తే సరళరేఖ రావాలి, దాని వాలుని తిరగేస్తే 6 దగ్గర. పంచపకేశన్, లమ్లీ 1993 కొలతల్లో 6.06, హుస్సేన్ బృందం 1994లో 5.8.

అలాగే ప్రతి అడ్డకోతలోనూ మొమెంటం లెక్కకట్టు, అది మారకూడదు. మారుతుంటే పక్క బౌండరీ దగ్గరైందనో, దాన్ని గోడగా పెట్టావనో అర్థం. జెట్ పక్కనుంచి గాలిని లాక్కుంటుంది, లోపలికి రానివ్వాలి, టోటల్ ప్రెషర్ కండిషన్ పెట్టు.

అడిగినవారు:
థాంక్స్ అన్నా, థాంక్స్ మేడం. రియలైజబుల్ రన్ పెట్టాను. సార్‌కి మాత్రం ఇది మెష్ సమస్య కాదని ఎలా చెప్పాలో తెలియట్లేదు, నెట్‌లో చదివానంటే ఒప్పుకోరు.

విజయవాడ నుంచి:
అదే మెష్ సైజు, అదే స్కీములు, అదే స్టాండర్డ్ మోడల్‌తో ప్లేన్ జెట్ ఒకటి రన్ చెయ్యి. అది సరిగ్గా వచ్చి గుండ్రటిది తప్పొస్తే ఇక మెష్‌ని అనడానికేముంది. మూడు మెష్‌ల గ్రాఫులు ఒకదాని మీద ఒకటి వేసి పక్కనే పెట్టు.

మధ్యలో ఒకరు:
ప్లేటుకి గుద్దుకునే జెట్‌కి కూడా రియలైజబులేనా?

విజయవాడ నుంచి:
అది వేరే కథ. గుద్దుకునే చోట స్టాండర్డ్ కె-ఎప్సిలాన్ టర్బులెన్స్‌ని విపరీతంగా పుట్టిస్తుంది. ఉష్ణం కావాలంటే ఎస్‌ఎస్‌టీ, దొరికితే వీ-టూ-ఎఫ్ అనే మోడల్.

గుంటూరు మేడం:
బాబూ, గదికి వెళ్ళినప్పుడు ఇది గుర్తుపెట్టుకో. కూలర్ గాలి సీలింగ్‌కి అతుక్కుని పోతే అది వాల్ జెట్. త్రీడీ వాల్ జెట్ గోడకి అడ్డంగా విచ్చుకునేది, గోడనుంచి దూరంగా విచ్చుకునేదానికి ఇంచుమించు అయిదు రెట్లు. టర్బులెన్స్ స్ట్రెస్ ఒక్కో దిక్కులో ఒక్కోలా ఉండటంవల్ల పుట్టే పక్క ప్రవాహమే దానికి కారణం, కాబట్టి రియలైజబుల్ అయినా ఎస్‌ఎస్‌టీ అయినా దాన్ని పట్టలేవు. ఓపెన్‌ఫోమ్‌లో ఎల్‌ఆర్‌ఆర్, ఎస్‌ఎస్‌జీ ఉన్నాయి, ఆ రెండు రేనాల్డ్స్ స్ట్రెస్ మోడళ్ళలో (ఆ స్ట్రెస్‌ని ఒక్కో దిక్కుకీ విడిగా లెక్కకట్టేవి) ఒకటి ప్రయత్నించు. కన్వర్జ్ కావడానికి, అంటే లెక్క ఒక జవాబు దగ్గర నిలవడానికి, ఏడిపిస్తాయి, రియలైజబుల్ జవాబు నుంచి మొదలుపెడితే కొంత నయం. పైగా చల్లగాలి బరువెక్కువ, ఆ బరువు తేడా ప్రభావం (బాయన్సీ) లెక్కలో వెయ్యకపోతే జెట్ సీలింగ్‌ని ఎక్కడ వదిలి కిందికి దిగుతుందో అసలు రాదు, మీ ప్రాజెక్టు అడిగేదే అది.