సీలియాక్ ఉన్నవాళ్లకి జపాన్, ఇటలీలో భోజనం ఎలా?

ప్రశ్న:
మా చెల్లెలికి సీలియాక్ (గోధుమ, బార్లీ, రైలలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడని జబ్బు). వచ్చే నెల టోక్యోలో వారం, తర్వాత రోమ్‌లో నాలుగు రోజులు ఉంటాం. జపాన్‌లో అన్నం, చేపలే కాబట్టి ఇబ్బంది లేదని, ఇటలీలోనే కష్టమని అందరూ అంటున్నారు. నిజమేనా? విమానంలో సంగతేంటి?

జవాబు 1:
సరిగ్గా తలకిందులండీ, జాగ్రత్తంతా జపాన్‌లోనే. అక్కడి మామూలు సోయా సాస్‌ని సోయాతో దాదాపు సమానంగా గోధుమలు వేసి పులియబెడతారు. కాల్చిన చేప మీద పూత, నూడుల్స్ చారు, అన్నిటిలోనూ అదే. పీతమాంసంలా కనిపించే ఎర్రంచు చేపముద్దలో గోధుమ స్టార్చ్ కలుస్తుంది. సోబా నూడుల్స్ అంటే బక్‌వీట్ (గోధుమ జాతి కాని, గ్లూటెన్ లేని గింజ) అని నమ్మకండి, చాలాచోట్ల పదింట రెండు వంతులు గోధుమపిండే. 'జూవరి' అని ఉంటే పూర్తిగా బక్‌వీటే, కానీ అదీ మిగతా నూడుల్స్ ఉడికిన నీళ్లలోనే ఉడకొచ్చు.

ఇంకోటి, చాలామందికి తెలియనిది. ప్యాకెట్ మీద గోధుమ ('కొముగి') చూపించడం అక్కడ తప్పనిసరి, బార్లీ ('ఓముగి') ఆ జాబితాలో లేదు. కాబట్టి అలెర్జీ గడి చూసి ఊరుకోకుండా పదార్థాలన్నీ చదవాలి. కూర్చోగానే గ్లాసులో లేత కాఫీరంగు చల్లటి టీ పెడితే ముందు అడగండి, అది 'ముగిచా' అయితే బార్లీయే.

జవాబు 2:
"గ్లూటెన్ వద్దు" అంటే రొట్టె తీసేసి తెస్తారు, అంతే. జపనీస్‌లో చీటీ రాయించుకోండి: గోధుమ, బార్లీ, రై, మామూలు సోయా సాస్ పడవు, గోధుమపిండి ముంచి వేయించిన నూనె, నూడుల్స్ ఉడికించిన నీళ్లు, కడగని పెనం వాడొద్దు. నూనె ఎంత మరిగినా గ్లూటెన్ పోదు. ఆర్డర్‌కి ముందే చీటీ వంటవాళ్ల దాకా వెళ్లాలి. వాళ్లు తటపటాయిస్తే మొహమాటపడకుండా లేచి వచ్చేయండి.

జవాబు 3:
రోమ్‌లో 'సెంజా గ్లూటినె' (గ్లూటెన్ లేకుండా) అంటే చాలామందికి అర్థమవుతుంది. ఇటలీ సీలియాక్ సంఘం ఏఐసీ శిక్షణ ఇచ్చిన రెస్టారెంట్ల జాబితా ఉంది, అక్కణ్ణుంచి ఎంచుకోండి. మిగతాచోట్ల పాస్తాకి గిన్నె, నీళ్లు, జల్లెడ వేరేనా అని విడివిడిగా అడగండి. పిజ్జా దగ్గర ఇంకా జాగ్రత్త: పిండి గాల్లో ఎగిరి పడుతుంది.

యూరప్‌లో గ్లూటెన్ ఫ్రీ అంటే కిలోకి 20 మిల్లీగ్రాములకి మించకూడదు. అలా రాసి ఉన్న ప్యాకెట్‌లో గోధుమ స్టార్చ్ కనిపిస్తే కంగారుపడకండి, గ్లూటెన్ తీసేసిందే వాడతారు.

జవాబు 4:
విమానంలో జీఎఫ్ఎంఎల్ (గ్లూటెన్ లేని) భోజనం కనీసం 48 గంటల ముందే పెట్టుకోండి, మారే ప్రతి విమానానికీ ఉందో లేదో చూసుకోండి. ట్రేలో విడిగా పెట్టే బన్ను మామూలుది కావొచ్చు, కవరు మీద చదవకుండా విప్పొద్దు. ఒక పూటకి సరిపడా గింజలు, రైస్ కేకులు చేతిసంచిలో ఉండాలి. మాంసం పదార్థాలు జపాన్‌లోకి రానివ్వరు.

ప్రశ్న అడిగినవారు:
తమారి (ఒక రకం సోయా సాస్) సీసా తీసుకెళ్తే సుషీ తినొచ్చా?

జవాబు 1:
గోధుమ లేదని లేబుల్ మీద ఉన్న తమారి అయితేనే. చేతిసంచిలో అయితే 100 మిల్లీలీటర్లకి మించని సీసా. అన్నంలో కలిపే వెనిగర్ గురించీ అడగండి, ధాన్యపు వెనిగర్‌లో గోధుమ ఉండొచ్చు.