రథాలోస్‌కు ముంగాళ్ళు లేవనవచ్చా? ‘రెక్క’ అనే మాట గురించి

ప్రశ్న: 2004లో మొదలైన ‘మాన్‌స్టర్ హంటర్’ వీడియో ఆటల్లోని రథాలోస్ అనే ఎగిరే మృగం శరీర నిర్మాణంపై తెలుగులో వ్యాసం రాస్తున్నాను. దానికి కాళ్ళు రెండు, రెక్కలు రెండు. అందుచేత “దీనికి ముంగాళ్ళు లేవు” అని రాస్తే, ఒక మిత్రుడు తప్పన్నారు. ఏది సరైనదో, రెక్కలోని భాగాలకు ఏ మాటలు వాడాలో పెద్దలు చెప్పగలరు.

సమాధానం: మీ మిత్రుడు చెప్పిందే సరైనదండి. ముంగాళ్ళు లేకపోవడం కాదు, అవే రెక్కలయ్యాయి. పురుగుల సంగతి వేరు గాని, పక్షికైనా గబ్బిలానికైనా రెక్క అంటే రూపు మారిన ముందరి అవయవమే. ఈ సంగతి చెప్పడానికి తెలుగుకు కొత్త మాట అక్కరలేదు. ‘రెక్కాడితే గాని డొక్కాడదు’ అన్నప్పుడు ఆడేది చెయ్యే. ‘రెక్కలు ముక్కలు చేసుకొని’ సంపాదించేదీ, ‘పెడరెక్కలు విరిచి కట్టేదీ’ మనుషుల చేతులనే. ఎగిరేదానికీ పనిచేసేదానికీ ఒకే పేరున్న భాషలో రాస్తూ ఈ పోలికను వదులుకోవడం నాకైతే నష్టమనిపిస్తుంది.

గబ్బిలం రెక్కను విప్పి చూస్తే పొట్టి దండచేయి, పొడవాటి ముంజేయి, మణికట్టు వరుసగా కనిపిస్తాయి. మణికట్టు దగ్గర బొటనవేలు గోరుతో సహా విడిగా ఉంటుంది. మిగిలిన నాలుగు వేళ్ళూ బాగా సాగి, గొడుగు ఊచల్లా విచ్చుకొని, మధ్యనున్న పలుచని చర్మాన్ని బిగించి పట్టుకుంటాయి. రాక్షసిబల్లుల కాలంలో ఎగిరిన టెరోసార్లలోనైతే ఆ పని ప్రధానంగా నాలుగో వేలొక్కటే చేసేది. రథాలోస్ రెక్క గబ్బిలపు పద్ధతికి దగ్గరగా ఉంటుంది కనుక, మనిషి చేతికి వాడే మాటలన్నీ దానికి నిస్సంకోచంగా వాడవచ్చు. వేళ్ళ మధ్య చర్మాన్ని మాత్రం ‘తోలు’ అనకుండా ‘రెక్కపొర’ అనండి. తోలు అనగానే ఒలిచినదనే భావం వస్తుంది, పైగా ఆ ఆటలో వేటగాడు చేసే పని కూడా అదే కాబట్టి చదివేవారు తికమకపడతారు.

మరో ప్రశ్న: అదే ఆటలోని కుషాలా దవోరాకు నాలుగు కాళ్ళు, వాటిపైన రెండు రెక్కలు ఉన్నాయి కదా. అక్కడా ఇదే సూత్రమా?

సమాధానం: కాదండి. దాని ముంగాళ్ళు నేలమీదే ఉన్నాయి కాబట్టి రెక్కలు అదనపు జత అవుతాయి. వెన్నెముక గల జంతువులలో కాళ్ళూ చేతులూ రెక్కలూ కలిపి ఆరు ఉండే నమూనా లేదు. ఆ రెండో జత భుజపుటెముకలు, వాటిని ఆడించే కండరాలు ఎక్కడ అతుక్కున్నాయో మీరే ఊహించి రాయవలసి ఉంటుంది. అక్కడ దండచేయి, ముంజేయి అనే మాటలను కాళ్ళకే ఉంచి, రెక్కల విషయంలో ‘మొదటి కీలు, రెండో కీలు’ అని రాయడం మేలు. రథాలోస్‌ను ఆట ‘వైవర్న్’ (రెండు కాళ్ళు, రెండు రెక్కలు గల డ్రాగన్ రకం) అనీ, దీనిని ‘ఎల్డర్ డ్రాగన్’ అనీ వేరుచేసింది కనుక మీరూ ఆ రెండు పేర్లనూ అలాగే ఉంచండి. రెంటినీ ‘డ్రాగన్’ అనేస్తే ఈ కాళ్ళ లెక్క పాఠకుడికి అందదు.