టీఐ-84 ప్లస్ గ్రాఫింగ్ కాలిక్యులేటర్‌లో సొంత ఓఎస్: ఎమ్యులేటర్‌లో నడుస్తోంది, మెషిన్‌లో నడవట్లేదు

నాగావళి_జెడ్80 (శ్రీకాకుళం)
జెడ్80 (ఈ కాలిక్యులేటర్ల ప్రాసెసర్) అసెంబ్లీలో రాసిన చిన్న కెర్నల్, అంటే ఓఎస్ మూల భాగం. ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్‌లో కాలిక్యులేటర్‌ని అనుకరించే ప్రోగ్రామ్) బూట్ అయ్యి మెనూ వస్తోంది, ఫైలు కూడా సేవ్ అవుతోంది. పాత మోడల్ 83 ప్లస్‌లో తెర బాగానే ఉంది. అదే కోడ్ 84 ప్లస్‌లో 15 మెగాహెర్ట్జ్ మీద పెడితే బొమ్మ చెదిరిపోతోంది. ఫైలు సేవ్ చేస్తే రెండు మెషిన్లూ రీసెట్ అయిపోతున్నాయి. ఎక్కడ చూడాలి?

బొబ్బిలి_వీణ
రెండూ వేరు వేరు జబ్బులు. ముందు తెర సంగతి చూద్దాం.

ఎల్‌సీడీ డ్రైవర్‌కి ఒక బైట్ ఇచ్చాక ఇంకోటి ఇవ్వడానికి సుమారు 10 మైక్రోసెకన్లు ఆగాలి. 6 మెగాహెర్ట్జ్‌లో (83 ప్లస్ వేగం) అది 60 టీ-స్టేట్లు (ప్రాసెసర్ క్లాక్ టిక్కులు), 15లో 150. మీ డిలే లూప్ 60కి లెక్కేసి రాసి ఉంటారు, అందుకే 83 ప్లస్‌లో గట్టెక్కింది. లూప్ పెంచడం కన్నా పోర్ట్ 10 (హెక్స్) చదివి, 7వ బిట్ (బిజీ బిట్) సున్నా అయ్యేదాకా తిరగడం మేలు. కమాండ్ పంపినా, పోర్ట్ 11కి డేటా రాసినా, చదివినా, ప్రతిసారీ చూడాల్సిందే. తెర 96×64, అంటే ఒక ఫ్రేమ్ 768 బైట్లు. ఒక్క చోట వదిలేసినా ఆ వరస అంతా పక్కకి జరిగిపోతుంది.

ఎమ్యులేటర్ సెట్టింగుల్లో ఎల్‌సీడీ డిలే ఆప్షన్ ఉంటే ఆన్ చేసి పెట్టండి. అది ఆపేసి చేసిన టెస్టుని నేను టెస్టుగా లెక్కపెట్టను.

కీబోర్డుకీ ఇదే వరస. పోర్ట్ 1కి గ్రూప్ మాస్క్ రాసిన వెంటనే చదివేయకండి, నాలుగైదు నాప్‌లు (ఏ పనీ చేయని ఇన్‌స్ట్రక్షన్లు) వేశాక చదవండి. ఆన్ బటన్ ఈ మాట్రిక్స్‌లో లేదు, అది పోర్ట్ 4లో 3వ బిట్.

రాజాం_అసెంబ్లర్
రీసెట్‌కి కారణం ఫ్లాష్ (ఓఎస్, ఫైళ్లు ఉండే మెమరీ చిప్) అయ్యుంటాది తమ్ముడూ. ఫ్లాష్‌లో రాస్తున్నంతసేపూ, చెరిపేస్తున్నంతసేపూ ఆ చిప్ నుంచి కోడ్ చదవలేం. చదివితే డేటా బదులు స్టేటస్ వస్తుంది. అంచేత రైట్ రొటీన్‌ని ర్యామ్‌లోకి కాపీ చేసి అక్కడి నుంచే నడపాలి. ఇది చాలామందికి తెలుసు. మరిచిపోయేది ఏటంటే ఇంటరప్ట్, అంటే నడుస్తున్న పనిని మధ్యలో ఆపి ప్రాసెసర్‌ని వేరే కోడ్‌కి పిలిచే సిగ్నల్. మోడ్ 1లో ఇంటరప్ట్ వస్తే ప్రాసెసర్ 0038కి దూకుతుంది. ఆ చోటు ఉన్నదే ఫ్లాష్ పేజీ 0లో! స్టేటస్ బైట్లనే ఇన్‌స్ట్రక్షన్లు అనుకుని నడిపేస్తుంది, ఆపైన రీసెట్టే. మొదట్లో డీఐ (ఇంటరప్ట్‌లు ఆపే ఇన్‌స్ట్రక్షన్), పని పూర్తయ్యాకే ఈఐ (మళ్లీ ఆన్ చేసేది).

ఇంకోటి. రాయడం అంటే 1ని 0 చేయడం మాత్రమే. 0ని మళ్లీ 1 చేయాలంటే 64 కేబీ సెక్టారు మొత్తం చెరపాలి. ఫైలు మార్చిన ప్రతిసారీ చెరపకుండా, పాత ఎంట్రీ మొదటి బైట్‌ని సున్నా చేసి కొత్తది చివర్లో చేర్చండి. సెక్టారు నిండినప్పుడే ఊడ్చండి.

పలాస_జీడితోట
మెషిన్‌లోకి ఎక్కించేటప్పుడు: కొత్త ఆల్కలైన్ సెల్స్ వేయండి. ఒక ట్రిపుల్-ఏ సెల్ తీసి, డెల్ బటన్ నొక్కి పట్టుకుని సెల్ మళ్లీ పెడితే బూట్ కోడ్ కొత్త ఓఎస్ కోసం ఎదురుచూస్తుంది. బూట్ కోడ్ వేరే రక్షిత పేజీలో ఉంటుంది కాబట్టి మీ కెర్నల్ ఎంత పాడైనా కంపెనీ ఓఎస్‌ని ఇలాగే వెనక్కి తెచ్చుకోవచ్చు, కంగారొద్దు.

84 ప్లస్‌కి మినీ యూఎస్‌బీ చాలు. మన దగ్గర షాపుల్లో పాత డబ్బాల్లో దొరికే మినీ కేబుళ్లలో కొన్ని ఛార్జింగ్‌కే పనికొస్తాయి, డేటా వైర్లు ఉండవు. లైనక్స్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ కొట్టి 0451తో మొదలయ్యే ఐడీ ఉన్న లైను వచ్చిందో లేదో చూశాకే టీఐఎల్‌పీ (కాలిక్యులేటర్‌కి ఫైళ్లు పంపే ప్రోగ్రామ్) తెరవండి. 83 ప్లస్‌కి యూఎస్‌బీ లేదు, సిల్వర్‌లింక్ (కంప్యూటర్ యూఎస్‌బీకి కలిపే టీఐ కేబుల్) కావాలి.

గంటస్తంభం_విజయనగరం
సైనింగ్‌లో (ఓఎస్ ఫైలు మీద డిజిటల్ సంతకం) కీ నంబరు చూసుకోండి: 83 ప్లస్‌కి 04, 84 ప్లస్‌కి 0ఏ. తప్పు కీ పడితే బూట్ కోడ్ ఒప్పుకోదు. ఆ సంతకానికి కంపెనీ వాడిన 512 బిట్ల ఆర్ఎస్ఏ కీలు 2009లో హాబీయిస్టులు విడగొట్టబట్టే మనకీ అవకాశం వచ్చింది.

ఇక్కడ ఇంటర్ పరీక్షల్లో వీటికి చోటు లేదు కాబట్టి షాపుల్లో దొరకవు. అమెరికా నుంచి వచ్చే చుట్టాలకి చెప్పేటప్పుడు 84 ప్లస్ అని గట్టిగా చెప్పండి. కలర్ తెర ఉన్న సీఈ తెస్తే ఈ పనికి రాదు. దానిలో ప్రాసెసర్ ఈజెడ్80, కీ కూడా 2048 బిట్లు.

నాగావళి_జెడ్80
బిజీ బిట్ పెట్టాక తెర నిలబడింది, అందరికీ థాంక్స్. డీఐ పెట్టాక రీసెట్ కూడా పోయింది. కానీ సేవ్ అయ్యాక ఒక్కోసారి వేరే ప్రోగ్రామ్‌లోకి దూకుతోంది.

రాజాం_అసెంబ్లర్
4000 దగ్గర బ్యాంక్‌లో (ఫ్లాష్ పేజీలు మార్చి మార్చి కనిపించే అడ్రసు కిటికీ) ఏ పేజీ ఉందో పోర్ట్ 6 నుంచి చదివి స్టాక్‌లో దాచారా? రొటీన్ పేజీ మార్చి, వెనక్కి పెట్టకుండా రిటర్న్ అయితే అడ్రసు అదే గానీ కింద కోడ్ వేరే ఉంటుంది. ఇంటరప్ట్ హ్యాండ్లర్ పేజీ మారుస్తుంటే అక్కడా దాచాలి.