పాటకు ముందు దాని కథ చెప్పాలా? నాన్నకు ఇష్టం ఉన్నట్టు లేదు

లంకగిటార్:

అందరికీ వందనాలు. మాది సఖినేటిపల్లి దగ్గర పల్లెటూరు. పాటలు నేనే రాసుకుని పాడతాను, మా చర్చిలో, చుట్టుపక్కల కూటాల్లో. ఒక్క గిటారే, ట్రాక్ ఉండదు. చిన్నప్పటినుంచి అమెరికా కంట్రీ పాటలు, గాస్పెల్ పాటలు విని విని నా పాటలకీ అదే నడక వచ్చేసింది, మూడు కార్డ్స్, మాట్లాడుతున్నట్టు సాగే చరణాలు. మావాళ్లు వీటిని రైలుబండి పాటలంటారు, సరే ఏదో ఒకటి.

వాటిలో ఒకటి ఈమధ్య బాగా తిరుగుతోంది. అది మా నాన్న గురించి. ఆయన కొబ్బరి దింపు తీసేవాడు. 1996 నవంబరు తుపానుకి మా వైపు తోటలు ఎలా పడిపోయాయో ఇక్కడ కోనసీమ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఎక్కడానికి చెట్టు లేదు, కొత్తగా వేసిన మొక్క కాపుకి రావాలంటే ఐదారేళ్లు పడుతుంది, ఆ ఖాళీలో నాన్న తాగుడికి పడ్డాడు, తర్వాత ప్రభువు దయవల్ల మానేశాడు. పాటలో మాత్రం తాగుడు మాటే లేదు. మేకుకి వేలాడే తాడు, చెట్లు లేని ఆకాశం, ఒకరోజు పొద్దున్నే ఆ తాడు తీసి భుజాన వేసుకుని వెళ్లడం, అంతే.

ఎక్కడికెళ్లినా మైక్ చేతికిచ్చి "దీని వెనక సాక్ష్యం చెప్పండి బ్రదర్" అంటారు. చెప్తే జనం కళ్లు తుడుచుకుంటారు, అది నిజమే. కానీ ఒకచోట నిర్వాహకులు, ఒక్క రాత్రిలో దేవుడు ఇచ్చిన పాట అని చెప్పండి, ఇంకా బాగా తగులుతుంది అన్నారు. ఒక్క రాత్రి ఎక్కడిది? పల్లవి నరసాపురం పంటు (గోదావరి దాటించే పడవ) మీద వచ్చింది, రెండో చరణంలో సగం మా చెల్లి రాసింది, మూడోది కుదరక నెలల తరబడి పక్కన పడేశాను. ఇదంతా ఒక ఎత్తు, నాన్న ఒక ఎత్తు. నేను కథ మొదలుపెట్టగానే లేచి బయటికి వెళ్లిపోతాడు, పాట మొదలయ్యాక వచ్చి వెనక నిలబడతాడు. ఏంటి నాన్నా అంటే ఏం లేదులే అంటాడు.

పాటలు రాసేవాళ్లు, పాడేవాళ్లు చెప్పండి. అసలు కథ చెప్పాలా, ఎంతవరకు చెప్పాలి?

పాలకొల్లు_పాత_క్వయర్:

తమ్ముడూ, మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఒకసారి తీసి చూడు. పాట పైన రాగం, తాళం ఉంటాయి, కింద రాసినాయన పేరు ఉంటుంది. కథ ఉండదు. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) అన్ని కీర్తనలు రాశారు, ఏది ఏ బాధలో రాశారో తెలియకుండానే మా అమ్మమ్మ వాళ్లు జీవితమంతా పాడుకున్నారు. ఎవరి బాధ వాళ్లు పెట్టుకుని పాడుకుంటారు మరి. నువ్వు ముందే ఇది మా నాన్న తాగుడు గురించి అని చెప్పేస్తే, భర్త పోయినావిడ ఆ తాడు దగ్గర తన మనిషిని ఎలా తలుచుకుంటుంది? నన్నడిగితే రాగం చెప్పు, పాడు, కూర్చో. ఈ మైకులొచ్చాక పాట తక్కువ, మాటలు ఎక్కువ అయిపోయాయి.

హరికథల_అభిమాని:

నేను చర్చికి వెళ్లేవాణ్ణి కాదు, అయినా పైన చెప్పినదానికి ఒప్పుకోను. కపిలేశ్వరపురంలో హరికథ పాఠశాల ఉన్న సంగతి మీలో చాలామందికి తెలుసు, మాది ఆ పక్క ఊరే. హరికథలో పాట మధ్యలో ఆపేసి పిట్టకథ చెప్తారు, నవ్విస్తారు, మళ్లీ పాట అందుకుంటారు, ఎవరూ అడ్డు చెప్పరు. మన దగ్గర మాట, పాట ఎప్పుడూ కలిసే ఉన్నాయండి. కాకపోతే మంచి దాసుగారు పిట్టకథ ఎక్కడ ఆపాలో తెలిసి ఆపుతారు, అక్కడే విద్య అంతా ఉంది.

నాష్‌విల్_పిచ్చోడు:

బ్రదర్, ఈ సంగతి మీద నాకు పిచ్చి, కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మీరు చేసేది అమెరికాలో కంట్రీ పాటలవాళ్ల దగ్గర మామూలు పద్ధతే. నాష్‌విల్‌లో బ్లూబర్డ్ కెఫే అని చిన్న హాలు ఉంది, 1982లో పెట్టారు. పాటలు రాసినవాళ్లే గుండ్రంగా కూర్చుని వంతులవారీగా ఈ పాట ఎలా వచ్చిందో చెప్పి పాడతారు. కథ వినడానికే వచ్చేవాళ్లున్నారు. కాబట్టి చెప్పడం తప్పేం కాదు.

ఒక్క రాత్రిలో వచ్చిందనమన్నారు చూశారా, అది మాత్రం వద్దు. 'అమేజింగ్ గ్రేస్' సంగతే తీసుకోండి. అది రాసిన జాన్ న్యూటన్ బానిసల ఓడ నడిపేవాడు, సముద్రంలో తుపాను వచ్చింది, మనసు మారింది, వెంటనే పాట రాశాడు అని ప్రతి కూటంలో చెప్తారు. తుపాను 1748లో. ఆ తర్వాత కూడా ఆయన బానిసల వ్యాపారంలోనే ఉన్నాడు, 1754లో సముద్రం మీదికి వెళ్లడం మానేశాడు, అది కూడా జబ్బు చేసి. పాట రాసింది 1772 చివర్లో, కొత్త సంవత్సరం ప్రసంగం కోసం. ఇప్పుడు మనం పాడే ట్యూన్ దానికి కలిసింది 1835లో, అమెరికాలో అచ్చయిన ఒక పాటల పుస్తకంలో. నాకైతే ఈ నిదానమైన కథే ఎక్కువ తగులుతుంది. మనిషి ఒక్కరోజులో మారలేదు, ఏళ్లు పట్టింది. మీ నాన్నగారు మాత్రం ఒక్కరోజులో మానేశారా?

ఇంకోటి. కంట్రీ గాయకుడు హ్యాంక్ విలియమ్స్ 'ఐ సా ద లైట్' ఉంది కదా, దాని వెనక చెప్పే కథ ఎంత చిన్నదో తెలుసా. డాన్స్ ప్రోగ్రాం అయ్యాక కారులో మాంట్‌గమరీకి తిరిగొస్తుంటే, విమానాశ్రయం లైటు కనబడిందని వాళ్లమ్మ అందట. అంతే! హ్యాంక్ వెనక సీట్లో ఉన్నాడు. ట్యూన్ కూడా పూర్తిగా కొత్తదేం కాదు, ఆల్బర్ట్ బ్రమ్లీ పాత గాస్పెల్ పాట ఒకదానికి బాగా దగ్గర. ఇవన్నీ తెలిశాక పాట తగ్గిందా, లేదు. మీరు కూడా పంటు సంగతి చెప్పండి, చెల్లి సగం చరణం రాసిందని చెప్పండి. ఆ అమ్మాయి పేరు కూడా చెప్పాలి అసలు.

మూడోది, కంట్రీ గాయని డాలీ పార్టన్ 'కోట్ ఆఫ్ మెనీ కలర్స్' (1971). గుడ్డపీలికలతో అమ్మ కుట్టిన కోటు వేసుకుని బడికి వెళ్తే పిల్లలు నవ్వారు. ఆ కథ మొత్తం పాటలోనే ఉంది, అమ్మ కుడుతూ చెప్పిన యోసేపు కథతో సహా. మరి వేదిక మీద ఇంకేం చెప్పాలి? బస్సులో వెళ్తూ, చేతికి దొరికిన డ్రై క్లీనింగ్ రసీదు మీద రాసిందని చెప్తే చాలు. పాటలో లేనిది ఏదైనా ఉంటే అది చెప్పండి, ఉన్నది మళ్లీ చెప్పకండి. మీ పాటలో తాడు ఉంది, తుపాను సంగతి అంత తేలిగ్గా తెలియదు, కాబట్టి 96 తుపాను చెప్పండి. మా వయసు వాళ్లు మిగతాది వాళ్లే అందుకుంటారు.

రాజోలు_అక్క:

ఇంతమంది ఇంత రాశారు గానీ ఆ పెద్దాయన ఎందుకు లేచి వెళ్తున్నాడో ఒక్కళ్లు పట్టించుకోలేదు. తమ్ముడూ, పాట నీది, కథ ఆయనది. ఆయన తాగిన రోజులు నీ చేతిలో మైక్ ఉందని నీవైపోవు.

అమెరికాలో గాస్పెల్ పాటలు రాసిన థామస్ డోర్సీ కథ చెప్తారు కదా ప్రతి ఉజ్జీవ కూటంలోనూ. 1932లో ఆయన పాడటానికి వేరే ఊరు వెళ్తే ఇంటి దగ్గర భార్య ప్రసవంలో పోయింది, బిడ్డ కూడా దక్కలేదు, ఆ దుఃఖంలో 'ప్రెషస్ లార్డ్' రాశాడు. ఆ కథ ఆయన ముసలితనం దాకా చెప్పాడు, చెప్పే హక్కు ఆయనకుంది, పోయింది ఆయన భార్య, ఆయన బిడ్డ. నీ సంగతి అలా కాదు. మీ నాన్న బతికున్నాడు, అదే ఊళ్లో తిరగాలి, అదే టీ కొట్టు దగ్గర కూర్చోవాలి. కూటంలో ఏడ్చినావిడే మర్నాడు పక్కింటావిడకి చెప్తుంది, నీకు తెలియదా మన ఊళ్ల సంగతి?

అలాగని చెప్పొద్దని కాదు. నా తమ్ముడు తాగే రోజుల్లో ఇలాంటి సాక్ష్యం ఒకటి విని మా అమ్మ ఆ రాత్రి కాస్త అన్నం తింది. అందుకే అడుగుతున్నా, ఆయన్ని కూర్చోబెట్టి సూటిగా అడుగు. "ఏంటి నాన్నా" అంటే ఎవరైనా ఏం లేదనే అంటారు. ఏది చెప్పొచ్చు, ఏది వద్దు అని విడివిడిగా అడుగు.

కీబోర్డ్_భీమవరం:

నా సలహా వేరే, ఎవరూ తిట్టొద్దు. వేదిక మీద రెండు ముక్కలు చాలు, పొడుగు కథ యూట్యూబ్ వీడియో కింద రాసి పెట్టండి, కావాల్సినవాళ్లు చదువుకుంటారు. కథ చెప్పేటప్పుడు గిటార్ మీద చెయ్యి తియ్యకండి, జీ కార్డ్ మెల్లగా మీటుతూ ఉండండి. చెయ్యి ఆడుతుంటే మాట దానంతట అదే కుదించుకుంటుంది. ఖాళీ చేతుల్తో నిలబడితే ప్రసంగం అయిపోద్ది.

లంకగిటార్:

అందరికీ థాంక్స్, అక్కకి మరీ. నిన్న రాత్రి భోజనాలయ్యాక అరుగు మీద నాన్నని విడివిడిగానే అడిగాను. నేననుకున్నది వేరు, ఆయన చెప్పింది వేరు. "తాగిన సంగతి చెప్పుకోరా, అది ఊరందరికీ తెలుసు, మానేసిన సంగతీ తెలుసు. ఆ అప్పు సంగతి మాత్రం ఎత్తకు" అన్నాడు. ఆ రోజుల్లో ఇల్లు గడవక ఒకాయన దగ్గర అప్పు చేశాం, తీర్చడం చాలా ఆలస్యమైంది. నేను కథలో దాన్ని ఒక్క వాక్యంలో అనేసేవాణ్ణి, జనం పట్టించుకుంటారని కూడా అనుకోలేదు. అప్పిచ్చినాయన కొడుకు మా చర్చికే వస్తాడు. నాన్న లేచి వెళ్లేది ఆ వాక్యం ముందే అని ఇప్పుడు అర్థమైంది.

కాబట్టి అప్పు తీసేశాను. తుపాను, పంటు, చెల్లి, ఈ మూడే చెప్తాను. చెల్లి మాత్రం తన పేరు వద్దంటోంది, అది ఇంకో గొడవ. ఒక్క రాత్రి అనమన్నవాళ్లకి, మూడో చరణానికి పట్టిన టైం నేనే చెప్తాను, పిలిస్తే పిలుస్తారు లేకపోతే లేదు.

రాజోలు_అక్క:

చెల్లి పేరు వద్దంటే వద్దు. "మా చెల్లి" అను, ఊరికి తెలీదా ఏంటి.

కీబోర్డ్_భీమవరం:

పాట లింక్ పెట్టు బ్రో. కాపో ఎన్నో ఫ్రెట్ మీద?